ఒక రోజు జీతం ఎవరిది?

వరదలొచ్చినా, తుఫానొచ్చినా, మహమ్మారి వచ్చినా మన ఆఫీసుల్లో అన్నిటికన్నా ముందు కదిలేది ఒక కాగితం. "ఉద్యోగులందరూ స్వచ్ఛందంగా ఒక రోజు జీతం విరాళంగా ఇస్తున్నారు" అని దాని మీద ఉంటుంది. ఆ వాక్యం రాసినవాళ్లు చాలాసార్లు ఉద్యోగులను అడిగి ఉండరు. అడగకుండానే "ఇస్తున్నారు" అని రాయగలగడంలోనే అసలు విషయమంతా ఉంది.

కష్టంలో ఉన్నవాళ్లకు సాయం చెయ్యొద్దని నేననడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు జనం ఒకరికొకరు అన్నం పెట్టుకున్నారు. అది మనుషులు మనుషులకు చేసే పని. నా ప్రశ్న వేరు. జీతమిచ్చే చెయ్యే విరాళం కోసం కూడా చాచినప్పుడు "ఇష్టం" అనే మాటకు అర్థమేమిటి? ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో ఆ మాట ఏమవుతుంది?

2018 వరదల తర్వాత కేరళ ప్రభుత్వం తన ఉద్యోగులను ఒక నెల జీతం ఇమ్మని కోరింది. దానికి 'శాలరీ ఛాలెంజ్' అని పేరు పెట్టారు. ఇవ్వలేనివాళ్లు ఇవ్వలేమని రాసివ్వాలన్నారు. హైకోర్టు ఆ నిబంధనను నిలిపివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే అదే ఏడాది అక్టోబరులో అక్కడా చుక్కెదురైంది. ఇవ్వలేనని రాసిచ్చి మనిషి తనను తాను ఎందుకు కించపరుచుకోవాలన్నదే న్యాయస్థానం వేసిన ప్రశ్న. 2020 ఏప్రిల్‌లో కేంద్ర రెవెన్యూ శాఖ తన సిబ్బందికి ఒక సర్క్యులర్ పంపింది. 2021 మార్చి దాకా నెలకో రోజు జీతం పి.ఎం. కేర్స్ నిధికి ఇమ్మని, అభ్యంతరం ఉన్నవాళ్లు తమ ఉద్యోగి కోడ్‌తో సహా రాసివ్వమని అందులో ఉంది. ఈ రెండు ప్రభుత్వాల పార్టీలు వేరు, రాజకీయాలు వేరు. పద్ధతి మాత్రం ఒకటే: మౌనాన్ని అంగీకారం కింద జమకట్టుకోవడం.

ఈ తర్కం స్త్రీలకు కొత్తది కాదు. పెళ్లిచూపుల్లో తల వంచుకున్న పిల్ల ఒప్పుకున్నట్టే. మథుర కేసులో, ప్రతిఘటించిన గుర్తులు ఒంటి మీద లేవు కనుక అంగీకరించినట్టేనని 1978లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీదనే దేశమంతటా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. జీతంలో కోతనూ అత్యాచారాన్నీ నేను ఒకే గాటన కట్టడం లేదు. 'కాదు' అని గట్టిగా అనలేనివాళ్లందరి తరఫునా 'ఔను' అని తామే రాసుకునే అధికారం ఏ ఇంట్లో, ఏ కోర్టులో పుట్టిందో గుర్తు చేస్తున్నాను.

నేను పనిచేసిన ఒక కళాశాలలో ఇలాంటి వసూలు జరిగినప్పుడు ఎవరెంత ఇచ్చారో జాబితా రాసి నోటీసు బోర్డుకు అంటించారు. ప్రొఫెసర్ల పేర్లు పైన, గదులు ఊడ్చే ఆమె పేరు అట్టడుగున. ఆమె ఇచ్చింది యాభై రూపాయలు. "పేరు లేకపోతే కంట్రాక్టరు చూస్తాడు కదా మేడమ్" అంది. ఆ యాభై రూపాయలను దానమనాలా, ఉద్యోగం నిలబెట్టుకోవడానికి కట్టిన పన్ను అనాలా? జాబితా పట్టుకుని గది గదికీ తిరిగింది కూడా ఆఫీసులోని ఆడవాళ్లే. ఆడవాళ్లు అడిగితే ఎవరూ కాదనరట! ఇంటి పనిలాగే ఈ పనికీ కూలి లేదు, లెక్క లేదు. చెక్కు అందిస్తూ ఫోటో దిగేటప్పుడు మాత్రం వాళ్లు కనపడరు.

ఇంకో సంగతి. చాలా ఇళ్లలో ఆడదాని జీతం ఆమె చేతిలో ఉండదు. తగ్గిన ప్రతి రూపాయికీ ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. ఆఫీసులో ఆ కోతను కాదనే స్వేచ్ఛ లేదు, ఇంటికొచ్చాక దానికి సంజాయిషీ చెప్పే బాధ్యత మాత్రం ఆమెదే. 'స్వచ్ఛంద' విరాళంలో ఆమె స్వేచ్ఛ ఎక్కడుంది?

2025 దాకా అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో తర్వాత చేర్చిన ఒక నిబంధన, సహాయ నిధికి జీతంలోంచి కోత పెట్టాలంటే కార్మికుల రాతపూర్వక అనుమతి ఉండాలని చెప్పింది. అంటే రాసివ్వాల్సింది ఇచ్చేవాళ్లు, ఇవ్వనివాళ్లు కాదు. ఈ తేడా చిన్నదేం కాదు.

ప్రైవేటు కంపెనీల కథ మరోలా ఉంటుంది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు తమ సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చెయ్యాలంది. దానికి తోడు ఉద్యోగుల జీతాల్లోంచి విరాళాలు. అక్టోబరులో దాన ఉత్సవాలు, ఆడపిల్లను చదివించమని పోస్టర్లు. ఆ పోస్టరు అంటించిన గోడ తుడిచే ఆమెకు కనీస వేతనం అందుతోందా? 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 ప్రసూతి చట్ట సవరణ చెప్పింది. ఉందా? 10 మంది ఉన్న చోట లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్పింది. ఆ కమిటీ కాగితం మీదనే కాక కుర్చీల్లో కూడా కూర్చుంటోందా? చట్టప్రకారం బాకీ ఉన్నది ఎగవేసి, బయట దానం చేసేవాణ్ణి మన పల్లెల్లో దాత అనరు.

ఆ దానం ఏ పనులకు పోతుందో కూడా చూడండి. కుట్టుమిషన్లు పంచితే ఫోటో వస్తుంది. భర్త తన్ని తరిమేసిన స్త్రీకి ఆశ్రయమిచ్చి, కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే పనికి ఫోటో లేదు. కూలి రేటు కోసం సంఘం పెట్టుకునే ఆడవాళ్లకైతే అసలే ఇవ్వరు. స్త్రీ చెయ్యి చాచినంత కాలమే దాతకు ముద్దు. పిడికిలి బిగిస్తే 'రాజకీయం'.

అందరికన్నా ఎక్కువ విరాళమిస్తున్నవాళ్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. అంగన్‌వాడీ కార్యకర్తల పనికి ఇచ్చేదాన్ని జీతమనరు, 'గౌరవ వేతనం' అంటారు. కొరవడ్డదంతా వాళ్లు నెలనెలా రాజ్యానికి ఇస్తున్న విరాళమే. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. ప్రభుత్వం 2024 జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. వాళ్ల పని అత్యవసర సేవట, వాళ్లు మాత్రం కార్మికులు కారట!

"నిధులు ఎక్కడినుంచి తేవాలి?" అని స్వచ్ఛంద సంస్థల్లోని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నాక చిన్న సంస్థల గొంతు నొక్కినట్టయింది. కంపెనీల గుమ్మం తొక్కక తప్పని వాళ్లున్నారు. తొక్కండి. కానీ షరతులు మనవీ ఉండాలి. విరాళమిచ్చేవాళ్లు మాత్రమే సంతకం చెయ్యాలి. ఎవరెంత ఇచ్చారన్నది గుట్టుగా ఉండాలి. కంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కార్మికుల నుంచి వసూలు చెయ్యకూడదు. డబ్బు ఎటు పోవాలో నిర్ణయించే చోట కింది స్థాయి స్త్రీ ఉద్యోగులకు కుర్చీ ఉండాలి. చెక్కు తీసుకునే ముందు కనీస వేతనం, శిశు సంరక్షణ, అంతర్గత కమిటీ గురించి మనమే అడగాలి.

మనకు ఇవ్వడం చేతకాక కాదు. సారాపై దూబగుంటలో రాజుకున్న పోరాటం తర్వాత, 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి కూడబెట్టారు. అవసరమున్న ఆడవాళ్లు అందులోంచే తీసుకున్నారు. ఎవరికివ్వాలో వాళ్లే కూర్చుని మాట్లాడుకున్నారు. అక్కడ రూపాయితోపాటు నిర్ణయం కూడా వాళ్లదే. ఆఫీసు కాగితం మన దగ్గర రూపాయి మాత్రమే అడుగుతోంది. నిర్ణయం మనకిచ్చేదాకా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.