విరేచనాలు ఎవరు ఆపారు?

కడుపు చెడినప్పుడు మనవాళ్ళు రెండు తప్పులు చేస్తారు. జబ్బు వస్తే నేరం చెయ్యనివాళ్ళ మీద మోపుతారు. జబ్బు తగ్గితే ఆ ఘనత తగ్గించనివాళ్ళకి కట్టబెడతారు. ఈ రెండు తప్పుల మీద మంత్రగాడి దగ్గర్నుంచి మందుల వ్యాపారి దాకా చాలామంది హాయిగా బతికేస్తున్నారు.

ముందు పేరు సంగతి చూద్దాం. ఇక్కడ పుదుచ్చేరిలో నాకు తెలిసిన చదువుకున్న ఇళ్ళల్లో వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలైతే "స్టమక్ ఫ్లూ" అంటున్నారు. ఫ్లూకీ దీనికీ బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. ఫ్లూ వైరస్ పట్టుకునేది ముక్కునీ, గొంతునీ, ఊపిరితిత్తుల్నీ. ఇది పేగుల జబ్బు. ఎక్కువగా నోరోవైరస్, పసిపిల్లల్లో రోటావైరస్, కొన్నిసార్లు కలరా లాంటి బాక్టీరియా దీనికి కారణం. 1968లో అమెరికాలో నార్వాక్ అనే ఊళ్ళో ఒక బడిలో పిల్లలూ టీచర్లూ ఒక్కసారిగా వాంతులతో మంచం పట్టారు. 1972లో ఆ వైరస్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనబడింది. ఆ ఊరి పేరే దానికి పెట్టారు. దిష్టిని ఇంతవరకు ఏ మైక్రోస్కోపూ చూపించలేదు.

క్రిమి ఏదైనా ముఖ్యమైన దారి ఒకటే. ఒకరి మలం ఇంకొకరి నోట్లోకి చేరాలి. నీళ్ళ ద్వారానో, చేతుల ద్వారానో, ఈగల ద్వారానో, తిండి ద్వారానో చేరుతుంది. నోరోవైరస్ అయితే వాంతి ద్వారా కూడా. వినడానికి అసహ్యంగానే ఉంటుంది. అసహ్యపడి ఆ మాట అనకపోవటం వల్లే "వేడి చేసింది", "గాలి సోకింది", "పడలేదు" అనే మర్యాదస్తుల మాటలు చెలామణీ అవుతున్నాయి. మా గోదావరి వైపు కలరాకి మరిడమ్మని మొక్కారు. తెలంగాణాలో గత్తర అని పేరు పెట్టి భయపడ్డారు. పూర్వులకి సూక్ష్మదర్శిని లేదు, వాళ్ళని తప్పుపట్టను. మనకేం వచ్చింది?

ఇక ఘనత సంగతి. నోరోవైరస్ జబ్బు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. రోటావైరస్ మూడు నుంచి ఎనిమిది రోజులు ఉంటుంది. అంటే చాలామందికి ఏ మందూ వెయ్యకపోయినా, నీళ్ళు తగ్గకుండా చూసుకుంటే చాలు, ఇది తనంతట తానే పోతుంది. మరి రెండో రోజు దిష్టి తీస్తే మూడో రోజు ఏమవుతుంది? "చూశావా, దిష్టి తియ్యగానే తగ్గింది" అంటారు. తాయెత్తు కట్టినా అదే మాట, హోమియో గుళికలు వేసినా అదే మాట. తెల్లవారేముందు కూసిన కోడి సూర్యుణ్ణి నేనే లేపానన్నట్టు. తనంతట తాను తగ్గే జబ్బే దొంగ వైద్యుడి పెట్టుబడి. నూటికి తొంభైమంది ఎలాగూ బాగుపడతారు, వాళ్ళు ఊరంతా ప్రచారం చేస్తారు. బాగుపడని పిల్లలు వచ్చి సాక్ష్యం చెప్పరు.

ముత్యాలపేటలో మేముండే వీధిలో రెండేళ్ళ క్రితం జరిగింది చెబుతాను. మావైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఎనిమిది నెలల పాపకి రెండు రోజులుగా విరేచనాలు. నడినెత్తి మీద మాడు గుంటపడింది. ఇంట్లో పెద్దావిడ ఆ గుంట చూపించి, "ఇది దోషం బాబూ. ముట్టయిన మనిషి నీడ పడింది. పిల్లని నలుగురిలోకీ తీసుకెళ్ళద్దంటే ఇది వింటేనా?" అని కోడలి మీద మండిపడుతోంది. తొక్కం తీసే మనిషి దగ్గరికి బయల్దేరుతున్నారు. అతను పొట్ట నొక్కి, పేగులో అతుక్కున్నదేదో బయటికి తీసినట్టు చూపిస్తాడు. "మామ్మగారూ, గుంట నిజమే. మీరు చూసింది సరైనదే. ఒంట్లో నీళ్ళు ఇంకిపోతే మాడు గుంటపడుతుంది. ముందు ఆస్పత్రికి పదండి" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది గాని కోడలు పిల్లనెత్తుకుని లేచింది. ఆస్పత్రిలో ఓఆర్ఎస్ చెంచాతో పట్టించారు. సాయంత్రానికి పాప ఉచ్చపోసింది. అంతకన్నా శుభవార్త ఆ రోజు ఆ ఇంట్లో ఇంకోటి లేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ పెద్దావిడ తెలివితక్కువది కాదు. ప్రతి డాక్టరూ చూసే ప్రమాద చిహ్నాన్నే ఆవిడా చూసింది. చూపు సరైనదే, చెప్పుకున్న కారణం తప్పు. ఆ తప్పు కారణం పిల్లని ఆస్పత్రికి కాకుండా తొక్కం మనిషి దగ్గరికి నడిపించబోయింది. పైగా నేరం తల్లి మీద పడింది. "మూఢనమ్మకం వల్ల ఎవరికి నష్టం, వాళ్ళ నమ్మకం వాళ్ళది" అనేవాళ్ళు ఆ కోడలి మొహం చూసి ఉండాల్సింది.

దీనికి తోడు "లంఖణం పరమౌషధం" అని ఒక సామెత. విరేచనాలవుతుంటే నీళ్ళు మానిపిస్తారు, పసిపిల్లలకి పాలు మానిపిస్తారు. పోసేకొద్దీ పోతోంది కదా అని లెక్క. కుండ కారుతోందని నీళ్ళు పొయ్యడం మానేస్తే కారడం ఆగుతుంది, నిజమే. కుండ ఖాళీ అవుతుంది కనక! ఈ జబ్బులో చాలామందిని చంపేది క్రిమి నేరుగా కాదు, ఒంట్లోంచి పోయిన నీళ్ళూ ఉప్పులూ.

మరి నిజంగా ప్రాణాలు కాపాడినవాళ్ళు ఎవరు? 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఇందులో మహిమ లేదు. పేగు గోడలో గ్లూకోజూ సోడియమూ జంటగా లోపలికి పోయే ద్వారం ఉంది. అవి వెళ్తూ నీళ్ళని కూడా లాక్కుపోతాయి. విరేచనాలవుతున్నా ఆ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. మహలనబిస్ 2022లో పోయాడు. పద్మవిభూషణ్ 2023లో ఇచ్చారు, పోయాక. బతికుండగా బాబాలకి పట్టిన హారతుల్లో ఒక్కటైనా ఆయనకి పట్టామా?

ఇంకో ఘనత మన ముంగిట్లోనే ఉంది. రోటావైరస్ టీకా రోటావాక్ హైదరాబాదులో తయారైంది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి చుక్కలు, ఉచితం. దిష్టి తీసినవాడికి దక్షిణ ఇచ్చేవాళ్ళు ఈ చుక్కలు వేసిన నర్సు పేరైనా అడగరు.

మూఢనమ్మకం నిమ్మకాయలతోనే వస్తుందనుకోకండి. ప్యాంటూ షర్టూ వేసుకుని కూడా వస్తుంది. నోటితో తాగగలిగినవాడు "ఒక సీసా ఎక్కించండి డాక్టరుగారూ" అంటాడు. వైరస్ మీద పనిచెయ్యని యాంటీబయాటిక్ రాయించుకుంటాడు. పసిపిల్లలకి విరేచనాలు కట్టేసే బిళ్ళ వేస్తారు, అది ప్రమాదం. ఓఆర్ఎస్ అని అట్టపెట్టె మీద రాసి తియ్యటి రంగునీళ్ళు అమ్మారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 లెక్క ప్రకారం లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉండాలి. చక్కెర అంతకి ఎన్నోరెట్లయితే అది పేగులోకి ఇంకా నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళతరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. నిజమైన పొట్లం కొన్ని రూపాయలే. లీటరు మంచినీళ్ళలో పూర్తిగా కలిపి, కొద్దికొద్దిగా తాగి, 24 గంటలు దాటితే పారబొయ్యాలి. పొట్లం దొరికేదాకా ఉప్పేసిన గంజి, మజ్జిగ. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ చెంచాతో మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకి జింకు కూడా ఇవ్వాలి. మలంలో రక్తం పడినా, ఉచ్చ ఆగినా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. చేతులు సబ్బుతోనే కడగాలి. నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు. తగ్గాక కూడా రెండు రోజులు ఇతరులకి వండిపెట్టకూడదు.

ఇక నేరం సంగతి. 2022 జులై 3న పుదుచ్చేరి ప్రభుత్వం కారైక్కాల్‌లో ప్రజారోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది. వందలమందికి విరేచనాలు, కొన్ని నమూనాల్లో కలరా. 2018లో గుంటూరులో, 2024లో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది. ఇంతమంది ఇళ్ళల్లో ఒకేసారి నీడ పడిందా? గంటల లెక్కన నీళ్ళు వదిలే ఊళ్ళో గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు, పగులు దగ్గర మురుగు లోపలికి ఇంకుతుంది. మర్నాడు కొళాయిలో అదే వస్తుంది. 1854లో లండన్‌లో జాన్ స్నో చేసింది ఈ లెక్కే. చనిపోయినవాళ్ళ ఇళ్ళు పటం మీద గుర్తుపెడితే అవన్నీ ఒక పంపు చుట్టూ చేరాయి.

మన ఊరి నడిబొడ్డున భారతి పార్కులో ఆయి మండపం ఉంది. మూడో నెపోలియన్ కాలంలో ముత్తిరపాళయం నుంచి ఊరికి నీళ్ళు తెచ్చినందుకు గుర్తు అది. దానికో కథ చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలు దీపాలు వెలుగుతున్న ఒక భవనాన్ని గుడి అనుకుని దండం పెట్టాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కూల్చమన్నాడట. ఆమె తానే కూల్చి, అక్కడ చెరువు తవ్వించిందట. జరిగిందో లేదో గాని కథ చూడండి. పొరపాటు రాజుది, శిక్ష ఆడమనిషికి. ఊరి దాహం తీర్చింది రాజుగారి దండం కాదు, ఆమె తవ్వించిన చెరువు.

వీధిలో ఒకేసారి నాలుగిళ్ళల్లో విరేచనాలు మొదలైతే కోడళ్ళని నిలదీయకండి. నీళ్ళు కాచుకుని తాగండి, కానీ కాచుకున్నాం కదా అని ఊరుకోకండి. కొళాయి నీళ్ళల్లో మిగిలిన క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది మన దేశ ప్రమాణమే. నీళ్ళ ఆఫీసుకి వెళ్ళి, "మా వీధి చివర కొళాయిలో ఇవాళ ఎంతుంది?" అని అడగండి. నలుగురూ కలిసి వెళ్ళి, రాతపూర్వకంగా అడగండి. ఈ ప్రశ్నకి దేవుడు జవాబు చెప్పక్కర్లేదు. ఇంజనీరు చెప్పాలి.