పాత కేసియో కొంటున్నారా? ముందు మెట్లన్నీ నొక్కి చూడండి

శ్రీరామనవమి దగ్గర పడితే భజన మందిరాల్లోనూ, డిసెంబరు వస్తే చర్చిల్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది: "ఈసారైనా ఒక కేసియో కొనాలి." పల్లెల్లో ఏ కంపెనీ కీబోర్డయినా కేసియోయే. కొత్తది కొనడానికి డబ్బు చాలదు. ఇంటికి వంద, రెండు వందల చొప్పున పోగైన చందా పట్టుకుని పెద్దలిద్దరు, కుర్రవాడొకడు పట్నం బయలుదేరతారు. దుకాణదారు ఒక మీట నొక్కగానే డోలక్కు, తబలా, వెనుక వయొలిన్లు ఒక్కసారిగా మోగుతాయి. పెద్దలు తల ఊపుతారు. బేరం కుదిరిపోతుంది. మందిరానికి చేరిన రెండు నెలలకు నడిమి స్థాయిలో నాలుగు మెట్లు పలకడం మానేస్తాయి. తీసుకువెళ్లి అడిగితే "సెకండ్ హ్యాండు సరుకుకు గ్యారంటీ ఏమిటండీ" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది.

తప్పంతా దుకాణదారుదే అనడం న్యాయం కాదు. ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు, వీలైతే కాడి కట్టి చూస్తాడు. మెడలో గంటలు, మువ్వల పట్టెడ చూసి డబ్బు ఇచ్చేవాడు ఉండడు. కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి అదే రైతు గంటలు చూసి కొంటున్నాడు. తాళాలు ఎన్ని ఉన్నాయి, వాయిద్యాల ధ్వనులు ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టడం గంటలు లెక్కపెట్టడమే. అయిదు వందల ధ్వనులున్న పెట్టెలో ఊరు వాడేది అయిదో ఆరో.

పాత కీబోర్డులో ముందుగా దెబ్బతినేది మెట్ల అడుగు భాగం. ప్రతి మెట్టు కింద రబ్బరు బొడిపె, దాని అడుగున నల్లని కార్బన్ బిళ్ల ఉంటాయి. మెట్టు నొక్కితే ఆ బిళ్ల సర్క్యూటుకు తగిలి స్వరం పలుకుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికే రకాల్లో మెట్టుకు రెండేసి బిళ్లలుంటాయి. ఒకటి తగిలాక రెండోది తగలడానికి పట్టిన సమయాన్ని బట్టి యంత్రం దెబ్బ బలాన్ని తెలుసుకుంటుంది. దుమ్ము పట్టినా, కార్బన్ అరిగినా ఆ మెట్టు మూగబోతుంది, లేకపోతే ఎంత సుతారంగా తాకినా గావుకేక పెడుతుంది. ఉప్పుగాలి తగిలే తీరగ్రామాల్లో, అగరుధూపం నిత్యం వేసే మందిరాల్లో ఈ జబ్బు మరింత తొందరగా వస్తుంది. తాళం మోగుతుండగా ఈ లోపం చెవికి ఆనదు. దుకాణంలో తాళంతో కలిపి వినిపించడంలో ఉన్న కిటుకు అదే.

కాబట్టి దుకాణంలో చేయవలసిన మొదటి పని తాళం ఆపేయించడం. పియానో ధ్వని ఒక్కటే పెట్టి, ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా ఒక్కొక్క మెట్టును ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కాలి. తరువాత ఆర్గాన్ ధ్వని పెట్టి అదే వరుసలో ప్రతి మెట్టునూ కాసేపు అదిమి ఉంచాలి. స్వరం తెగకుండా, వణకకుండా నిలవాలి. 61 మెట్లకు పావుగంట పడుతుంది. పావుగంట ఓపిక పట్టలేని దుకాణదారు దగ్గర ఊరి డబ్బు పెట్టనక్కరలేదు.

అడాప్టరు సంగతి చాలామందికి తెలియదు. పాత కేసియోల్లో చాలావాటికి 9 వోల్టులు కావాలి, పిన్ను లోపలి వైపు మైనస్. యమహా పీఎస్ఆర్ రకాల్లో చాలావాటికి 12 వోల్టులు, లోపలి వైపు ప్లస్. రెండింటి పిన్నులూ చూపులకు ఒకేలా ఉంటాయి. టీవీ డబ్బాదో, వైఫై డబ్బాదో చేతికందిన అడాప్టరు గుచ్చితే ఒక్క క్షణంలో లోపలి బోర్డు కాలిపోవచ్చు. పెట్టె వెనుక దూర్చే చోట ముద్రించిన గుర్తు చూసి, దానికి సరిపోయే అడాప్టరుతో సహా కొనాలి. అడాప్టరు లేకుండా చవకగా ఇస్తామంటే అనుమానించవలసిందే. బ్యాటరీల గూడు మూత తీసి చూడటం కూడా అవసరం. పాత సెల్లులు కారిన పచ్చని చిలుం కనిపిస్తే ఆ పెట్టెను ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదన్నమాట. హెడ్‌ఫోన్ పిన్ను ఒకసారి పెట్టి తీసి చూడాలి. ఆ సాకెట్టు లోపల పత్తి ఇరుక్కుంటే స్పీకర్లు పలకవు, పైకి పెట్టె చెడిపోయినట్టే ఉంటుంది. ఆ ఒక్క కారణంతో కారుచవకగా అమ్ముడుపోయే మంచి పెట్టెలూ ఉన్నాయి. మరమ్మతు తెలిసినవాడు వెంట ఉంటే అది ఊరికే లాభం.

ఇక పోల్చడం. అన్నిటినీ ఒకే త్రాసులో వేయలేము. సన్నని మెట్ల చిన్న పెట్టెలు పిల్లల ఆటకే. పెద్దవారి వేళ్లు వాటిమీద ఇమడవు. భజనకు 49 మెట్లయినా సరిపోతాయి. చర్చిలో రెండు చేతులా వాయించేవారికి 61 తప్పనిసరి, పైగా ఒకేసారి ఎక్కువ స్వరాలు పలకగలగాలి. పది వేళ్లూ అదిమి, తాళం కూడా వేసి, ముందు నొక్కిన స్వరాలు రాలిపోతున్నాయేమో వింటే ఆ సంగతి బయటపడుతుంది. పద్యనాటకానికి కావలసింది ఎడమ పక్కన ఉండే చిన్న చక్రం. దానితో స్వరాన్ని కొద్దిగా వంచవచ్చు. గమకం పలకదన్న కారణంగానే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను నిషేధించి మూడు దశాబ్దాలు దూరం పెట్టింది. ఆ లోటును ఈ చక్రం కొంత తీరుస్తుంది, వాయించేవాడికి రాగం తెలిస్తేనే సుమా. మన దేశం కోసం తయారైన రకాలు, అంటే యమహా పీఎస్ఆర్-ఐ455, కేసియో సీటీకే-860ఐఎన్ వంటివి, తబలా, డోలక్కు తాళాలతో వచ్చాయి. పాత సరుకులో అవి దొరికితే విదేశీ తాళాల పెట్టెకన్నా మేలు.

ధర దగ్గర దుకాణదారులు చెప్పే మాట ఒకటుంది: "ఇది పాత జపాన్ సరుకు, ఇనుములాంటిది." ఇందులో సగమే నిజం. అమెరికాలో 1935లో వచ్చిన హామండ్ ఆర్గాన్‌లో అయస్కాంతాల ఎదుట తిరిగే 91 పళ్లచక్రాలు స్వరాలు పుట్టించేవి. ఏడాదికోసారి నూనె చుక్కలు వేస్తే చాలు, వాటిలో ఎన్నో నేటికీ మోగుతున్నాయి. జపాన్‌లో యమహా 1959లో ఎలక్టోన్ మొదలుపెట్టింది. ఆ తరువాత రెండు వరుసల మెట్లు, కాళ్లతో తొక్కే పెడళ్లు ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్గాన్లు అక్కడి మధ్యతరగతి ఇళ్లలో హోదాకు గుర్తయ్యాయి. ఇప్పుడు వాటిలో చాలావాటిని మోసుకుపోయేవారికి ఉచితంగా ఇస్తామన్నా అడిగేవారు లేరు. ఆ కంపెనీ ప్రత్యేకంగా చేయించిన చిప్ ఒకటి పోతే మరొకటి దొరకదు. మన పల్లెలకు వచ్చే పాత కీబోర్డులూ ఈ రెండో జాతివే. మెట్ల రబ్బరు శుభ్రం చేయవచ్చు, మార్చవచ్చు. స్పీకరు, సాకెట్టు, కెపాసిటరు మార్చవచ్చు. ప్రధాన చిప్ పోయిందా, అది బల్లచెక్కతో సమానం. అందుచేత ఎంత బాగున్నా పాతదానికి కొత్తదాని ధరలో సగానికి మించి ఇవ్వడం తెలివి కాదు.

ఇది సొంత డబ్బు కాదన్నది కూడా మరువరాదు. కూలికి పోయినవారి రూపాయి అందులో ఉంది. మోడల్ పేరు, వరుస సంఖ్య, ధర, నెల రోజుల్లో చెడితే బాగుచేసి ఇస్తానన్న మాట కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోవాలి. అది రాయని దుకాణం వదిలి పక్క దుకాణం చూడవచ్చు. వాయించబోయేవాడిని వెంట తీసుకువెళ్లడం అన్నిటికన్నా ముఖ్యం. చాలా ఊళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతోంది. హార్మోనియం వాయించే పెద్దాయనను ఇంటి దగ్గరే వదిలేసి, సెల్‌ఫోనులో పాటలు వినే కుర్రవాడిని తీసుకుపోతున్నారు. శ్రుతి తేడా పట్టగల చెవి ఊళ్లో ఉన్నది ఆ పెద్దాయన ఒక్కడికే. పైగా కొన్నాక ఆయనను పిలవరు. మీట నొక్కితే తాళం దానంతటదే మోగుతోంది కదా అని పిల్లలు నేర్చుకోవడమూ ఆగిపోతోంది.

కేసియో కొన్ననాడు హార్మోనియం పెట్టెను అటక మీదికి ఎక్కించిన మందిరాలు జిల్లాలో తక్కువేమీ కాదు. రీడు ఒకటి పోతే ఆ రీడు ఒక్కటే మారుతుంది. తిత్తి చిరిగితే తోలు ముక్క అతికిస్తే సరిపోతుంది. కరెంటు పోయినా భజన ఆగదు. ఎలుకలు కొట్టకముందే దాన్ని దింపి, పలికించి చూసి, బాగు చేయడానికి ఎంతవుతుందో అడిగాకనే చందా పుస్తకం తెరిస్తే బాగుంటుంది.