పిల్లిని తన్నింది ఒక్కడే, మచ్చ మాత్రం జట్టంతటికీ

ఈరోజు పంట సంగతి కాదు, ఫుట్‌బాల్ సంగతి. "నీకెందుకయ్యా అవన్నీ" అనకుండా చివరిదాకా చదవండి.

2022 ఫిబ్రవరిలో జరిగింది. వెస్ట్ హామ్ క్లబ్బులో కర్ట్ జూమా అని ఫ్రాన్స్ ఆటగాడు ఉండేవాడు. ఇంట్లో తన పిల్లిని కాలితో తన్నాడు, బూట్లు విసిరాడు, చెంప మీద కొట్టాడు. తమ్ముడు నవ్వుకుంటూ వీడియో తీశాడు. అది బయటపడి లోకమంతా చూసింది.

మర్నాడే వాట్‌ఫర్డ్‌తో మ్యాచ్. మేనేజర్ డేవిడ్ మోయెస్ ఆయన్ని ఆడించాడు. ఎందుకంటే, మా మంచి ఆటగాళ్లలో ఒకడు కదా అన్నాడు. 1-0తో గెలిచారు కూడా. కానీ జూమా బంతి ముట్టుకున్నప్పుడల్లా జనం ఛీకొట్టారు, సొంత అభిమానులతో సహా.

తర్వాత వరసగా దెబ్బలు. క్లబ్బు స్పాన్సర్ వైటాలిటీ తన ఒప్పందాన్ని ఆపేసింది. అడిడాస్ జూమాతో తెంచుకుంది. పిల్లుల్ని జంతు సంరక్షణ సంస్థ తీసుకుపోయింది. క్లబ్బు కూడా రెండు వారాల జీతం జరిమానా వేసింది. జూన్‌లో కోర్టు 180 గంటలు జీతం లేని సేవ చేయమంది, ఐదేళ్లు పిల్లిని పెంచొద్దంది. తమ్ముడికి 140 గంటలు.

ఇక నా మాట. పాల కేంద్రంలో ఒక్కడు నీళ్లు కలిపినా అందరి పాలూ ఒకే క్యాన్‌లో పడతాయి. పైన ఫ్యాట్ తగ్గితే "ఆ ఊరి పాలు ఇంతే" అంటారు గానీ, ఫలానా వాడని అనరు. సరే, ఆ నీళ్లు కలిపినోడు రోజూ ఎక్కువ పాలు పోసేవాడని సెక్రటరీ చూసీచూడనట్టు వదిలేస్తే? అప్పుడది వాడొక్కడి తప్పు కాదు, సంఘం తప్పు. వెస్ట్ హామ్ ఆ రాత్రి చేసింది అదే.

జట్టులోని మైకేల్ ఆంటోనియో ఒక ప్రశ్న అడిగాడు: జాతి పేరుతో అవమానించడం కంటే ఇది పెద్ద తప్పా అని. న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి జవాబు, ఆ తప్పుకు శిక్ష పెంచడం. ఈ తప్పుకు తగ్గించడం కాదు.

నేనేమీ పుణ్యాత్ముణ్ణి కాదు. ఎద్దు మొండికేస్తే కోపంలో ఒకటి వేసినవాణ్ణే. రాత్రి మేత వేస్తుంటే దాని కళ్లలోకి చూడలేకపోయాను. అందుకే చెప్తున్నా, కొట్టి నవ్వుకోవడం వేరే రోగం.

శిక్ష అయ్యాక 2023లో ఆయన్నే కెప్టెన్ చేశారు. దానికి నాకు అభ్యంతరం లేదు. తప్పు చేసినోడికి రెండో అవకాశం ఇవ్వాలి. కానీ ముందు ఒక్క మ్యాచ్ అయినా బయట కూర్చోబెట్టి ఉంటే, క్లబ్బు పరువు స్పాన్సర్లు చెప్పేదాకా ఆగాల్సిన పని ఉండేది కాదు.

మీరేమంటారు?