ఏం నేర్వాలో మనం చెబుదాం, ఎట్లా నేర్వాలో పిల్లలనూ అడుగుదాం

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో, నల్లమల అంచున చెంచు పెంటల్లో, కర్ణాటకను ఆనుకున్న నారాయణపేట, మక్తల్ ఊళ్లలో ప్రాథమిక పాఠశాల అంటే చాలాచోట్ల ఒకటి రెండు గదులు, ఒకరిద్దరు టీచర్లు, ఐదు తరగతులు. మూడో తరగతి వరుసలోనే కథను గడగడా చదివే పాప ఉంటుంది, గుణింతాల దగ్గర ఆగిపోయిన బాబు ఉంటాడు, అమ్మానాన్నల వెంట వలస పోయి నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్ల ఉంటుంది. ఒకరి ఇంట్లో లంబాడీ, ఇంకొకరి ఇంట్లో ఉర్దూ, మరొకరి ఇంట్లో కన్నడం. ఒకే గదిలో పలు తరగతులకు ఇలా చెప్పడాన్ని విద్యాశాఖ బహుళ తరగతి బోధన అంటుంది. టీచర్ ఒక తరగతికి పాఠం చెబుతున్నప్పుడు అదే గదిలో ఉన్న మిగతా రెండు తరగతులు ఏం చేస్తున్నాయి? ఎక్కువసార్లు చూసి రాస్తుంటాయి. పాఠం చూసి రాయి, ఎక్కాలు ఐదుసార్లు రాయి, రాసినవాళ్లు మళ్లీ రాయండి. రోజులో చాలా సమయం ఇలా పోతుంది. నా వాదనంతా ఈ సమయం గురించే. పిల్లలకు ఎంపిక ఇవ్వడమన్నది టీచర్లు దండిగా ఉన్న పెద్ద బడుల ముచ్చట అనుకుంటాం. దాని అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది ఏకోపాధ్యాయ పాఠశాలకే.

ఒకే పాఠాన్ని అందరికీ ఒకే వేగంతో చెప్పే పద్ధతి ఎవరికి పనికొస్తోందో లెక్కలు చెబుతూనే ఉన్నాయి. గ్రామీణ పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వే ప్రకారం తెలంగాణ గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో వందకు 18 మంది. కరోనా బడులను మూయించిన తర్వాత, 2022లో ఆ సంఖ్య 5కు పడిపోయింది. అంటే మూడో తరగతి పుస్తకం తెరిచి కూర్చున్న పిల్లల్లో అత్యధికులకు ఆ పేజీ ఇంకా అందనిదే. ఇంటి దగ్గర చెప్పేవాళ్లు ఉంటే లోటు కొంత పూడేది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. సమైక్య రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అన్నిటికన్నా తక్కువ. నల్లగొండది 64 శాతం. ఇక్కడి బడుల్లో చాలామంది పిల్లలకు చదువు చెప్పగలిగిన మొదటి మనిషి, చివరి మనిషి ఆ టీచరే. ఈ పరిస్థితిని గుర్తించే ప్రభుత్వం 2022లో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు, ఆ తర్వాత ఉన్నత తరగతులకు ఉన్నతి కార్యక్రమాలను మొదలుపెట్టింది. పిల్లల స్థాయిని పరీక్షించి దానికి తగ్గట్టు చెప్పాలన్న ఆలోచన సరైనదే. కానీ స్థాయి తేల్చాక కూడా పని టీచర్ చేతిలోనే ఉంటుంది: ఈ గుంపుకు ఈ కాగితం, ఆ గుంపుకు ఆ కాగితం. తన చదువులో పిల్లవాడు నిర్ణయించుకునేది ఒక్కటీ లేదు.

ఇక్కడ ఎంపిక అన్న మాటను కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి. కొందరు చూసి నేర్చుకునేవాళ్లు, కొందరు విని నేర్చుకునేవాళ్లు అంటూ పిల్లలను విడదీసి, ఎవరికి వారి పద్ధతిలో చెప్పాలన్న సిద్ధాంతం శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. పరిశోధనల్లో దానికి ఆధారం దొరకలేదు. నేను చెబుతున్నది వేరు. వందలోపు తీసివేతలు అందరికీ రావాలి, అందులో ఎంపిక లేదు. అయితే ఆ సాధన చింతగింజలతో చేయాలా, పది పుల్లల కట్టలతోనా, నేల మీద సుద్దతో గీసిన సంఖ్యారేఖ మీదనా, ఇద్దరు కలిసి అంగడి ఆట ఆడుతూనా అన్నది పిల్లలు తేల్చుకోవచ్చు. చదవడం అందరికీ రావాలి. మూడు కథల పుస్తకాల్లో ఏది, ఒక్కడే చదువుతాడా, పక్కవాడితోనా అన్నది వాడి ఇష్టం. చదివింది అర్థమైందని చూపడానికి నోటితో చెప్పినా, బొమ్మ గీసి పేర్లు రాసినా, నాలుగు వాక్యాలు రాసినా సరే. తండా పిల్ల మొదట లంబాడీలో చెప్పి, తర్వాత తెలుగులో చెబితే ఇంకా మంచిది. ఎంపికకూ ఆసక్తికీ ఉన్న సంబంధంపై 41 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2008లో అమెరికాలో వచ్చింది. సొంతంగా ఎంచుకున్నప్పుడు ఆసక్తి, శ్రమ పెరుగుతాయని అది తేల్చింది. రెండు నుంచి నాలుగు చిన్న ఎంపికలున్నప్పుడు ఫలితం బలంగా కనిపించింది. ఆ అధ్యయనాలు మన తండా బడుల్లో జరిగినవి కావు. అందుకే వాటిని మాత్రమే ఆధారం చేసుకోను.

మన దగ్గర ఇంతకన్నా దగ్గరి అనుభవం ఉంది. 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలై తర్వాత సమైక్య రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు పెట్టుకుంది. చేస్తూ నేర్చుకోవడం, ఒంటరిగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాలకు చోటివ్వడం వాటిలో ఉన్నాయి. అప్పుడు శిక్షణ పొందిన టీచర్ల తరం ఇప్పుడు చాలావరకు రిటైరైపోయింది, ఆ సూత్రాలు మాత్రం ఇంకా కొత్తవిగానే వినిపిస్తున్నాయి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాకేంద్రం దాదాపు అదే కాలంలో చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టి, నిచ్చెనలా అమర్చింది. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూసుకుని కార్డు తీసుకుంటాడు. కొందరు టీచర్ దగ్గర కూర్చుంటారు, కొందరు కొంత సాయంతో, కొందరు తోటివాళ్లతో, కొందరు సొంతంగా చేసుకుంటారు. ఒక్క టీచర్ ఐదు తరగతులను నడపగలిగేది ఇందుకే. కర్ణాటకలో నలి-కలికీ, తమిళనాడులో కార్డుల బోధనకూ ఇదే మూలం. అయితే నిచ్చెన పిల్లవాడికి తన వేగాన్ని ఇచ్చింది గానీ దారిని ఇవ్వలేదు. వరుస ముందే ఖరారైనప్పుడు కార్డు కూడా మెల్లగా చూసి రాసే పనిగా మారే ప్రమాదం ఉంది. ఆ తప్పు మనం మళ్లీ చేయనక్కర్లేదు.

అభ్యంతరాల్లో బలమైనది ఇది: కొత్తగా నేర్చుకునేవాళ్లకు సూటిగా చెప్పాలి, వాళ్లనే వెతుక్కోమంటే నష్టపోతారు, అందరికన్నా ఎక్కువ నష్టపోయేది ఇంట్లో అండ లేని పిల్లలే. నిజమే. అక్షరాలు, గుణింతాలు, స్థానవిలువ టీచర్ దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సినవి. వాటిని ఎంపికకు వదిలేయడం బాధ్యతను వదిలేయడమే. నేను అడుగుతున్నది ఆ తర్వాతి సాధన సమయాన్ని, అంటే ఇవాళ చూసి రాయడానికి పోతున్న సమయాన్ని. స్థాయిని బట్టి జట్లు కట్టడం ఫలిస్తుందని ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసిన పనిపై జరిగిన పరిశోధనలు చూపాయి. ఆ పరిశోధకుల్లో ఇద్దరికి, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది. ఇక ఎంపిక ఎందుకని అడగవచ్చు. స్థాయి చూసి జట్టు కట్టడం టీచర్ పక్కన గడిచే గంటకు సమాధానం చెబుతుంది, టీచర్ పక్కన లేని గంటలకు చెప్పదు. పైగా ఏడాదంతా వెనకబడినవాళ్ల సీ గ్రూపులోనే కూర్చున్న పిల్లకు అది పేరు పక్కన మచ్చ అవుతుంది. కథల పుస్తకం ఎంచుకునేటప్పుడు, అంగడి ఆటలో జత కట్టేటప్పుడు గ్రూపుల మధ్య గోడ కాసేపైనా కూలుతుంది.

పిల్లలు తేలికైనదే తీసుకుంటారని టీచర్లు అంటారు. తీసుకోనీండి. ముందుంచిన మూడు పనులూ ఒకే లక్ష్యానికి చేర్చేవైతే ఏది తీసుకున్నా నష్టం లేదు. వరుసగా వారం రోజులు పుల్లల కట్టలే పట్టుకున్న పిల్లకు అంకెల్లో ఎక్కడ భయముందో టీచర్‌కు పరీక్ష పెట్టకుండానే తెలుస్తుంది. తల్లిదండ్రుల సంగతి కొంచెం కష్టం. నోటుబుక్కు నిండితేనే చదువు సాగుతోందని చాలామంది నమ్మకం, ఆ నమ్మకాన్ని ప్రైవేటు బడులు పెంచి పోషించాయి. తండ్రి ముందు పిల్ల ఒక కొత్త కథను నిలబడి చదివి వినిపిస్తే తప్ప ఆ నమ్మకం కదలదు.

ఇదంతా చేయడానికి కొత్త పథకం అక్కర్లేదు. 2022-23లో ఇంగ్లిష్ మీడియంతో పాటు వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఏ పేజీ నుంచి మొదలుపెట్టాలో పిల్లలనే తేల్చుకోనిస్తే ఎంపిక అప్పుడే మొదలైనట్టు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత అంశాలు, లఘుపరీక్ష మాత్రమే కాదు, పిల్లల ప్రతిస్పందనలు, ప్రాజెక్టు పనులూ ఉన్నాయి. తరగతి మొత్తానికి ఒకే ప్రాజెక్టు ఇచ్చి గైడ్‌లోంచి దింపించే బదులు, గద్వాల పిల్లకు మగ్గం మీది పోగుల లెక్క, దేవరకొండ పిల్లవాడికి ఊరి బోర్ల లోతు ఎంచుకునే వీలివ్వడానికి ఏ జీవో కావాలి? చట్టమూ అడ్డు కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, పిల్లలు కేంద్రంగా నేర్పాలనే చెబుతోంది. అడ్డు తనిఖీలో ఉంది. ఎంఈవో వచ్చినప్పుడు సిలబస్ ఎంతవరకు అయింది, నోటుబుక్కులు దిద్దారా అని అడిగినంతకాలం ఏ టీచరూ సాహసం చేయరు. టీచర్ ఇంకో తరగతితో ఉన్నప్పుడు ఈ పిల్లలు ఏం చేస్తున్నారు, ఆ పనిని ఎవరు ఎంచుకున్నారు అన్న రెండు ప్రశ్నలను వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా తనిఖీ పత్రంలో చేర్చాలి.