వేన్నీళ్ళ కాగు – గ్యాసు బండ

మంచుదేశములలో ఇల్లు వెచ్చగా ఉండుటకు ప్రొపేను వాయువును పెద్ద ట్యాంకులలో నింపుకొని శీతకాలమంతయు మండింతురు. మన తిరువూరు ప్రాంతమున, నెమలి వంటి గ్రామమున, అట్టి అవసరము లేదు. కాని కార్తికము దాటినది మొదలు తెల్లవారుజామున వేన్నీళ్ళు కాచని ఇల్లు అరుదు. మన తాపన సమస్య అంతయు ఆ కాగులోనే ఉన్నది.

మన బండలో ఉండునది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. మొదటిది సున్నకు దిగువ 42 డిగ్రీల వద్ద, రెండవది దాదాపు సున్న వద్ద ఆవిరియగును. కావుననే చలిదేశములవారు మొదటిదానినే కోరుదురు. మనకు మిశ్రమము చాలును.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకమును, 2016లో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ప్రారంభించి పేద స్త్రీల ఇండ్లకు గ్యాసు చేర్చినవి. 2024 నవంబరులో మొదలైన దీపం-2 క్రింద ఏటికి మూడు బండలు ఉచితమని ప్రకటించిరి. ఇవి మేలైన పనులు కావని మేము అనము. అయినను ఒక లెక్క వేసి చూడుడు. బండకు 14.2 కిలోల చొప్పున మూడింటికి 42.6 కిలోలు, దినమునకు 117 గ్రాములు. ఇరువది లీటర్ల బకెట్టు నీటిని స్నానమునకు తగినంత కాచుటకు సుమారు 55 గ్రాములు పట్టును. ఇద్దరు స్నానము చేయుసరికి ఆనాటి ఉచితభాగము దాదాపు హరించును. అన్నము, కూర ఇంకను పొయ్యి ఎక్కనేలేదు!

ఇక మేము చూచిన ఇండ్ల సంగతి. కాలేజీకి పోవు కుమారునికి తొందర. గ్యాసుపై వేన్నీళ్ళు సిద్ధము. నెల తిరుగకముందే బండ ఖాళీ. క్రొత్తదానికి ఒక్కసారిగా చెల్లించు సొమ్ము కూలియింట ఉండదు; ప్రభుత్వము పిదప ఖాతాలో వేయుననినను ముందు చేతినుండి పెట్టవలసినదే. అంతవరకు తల్లి పత్తికట్టె, పిడకలతో లోపలి పొయ్యి రాజవేసి, పొగలో కన్నులు తుడుచుకొనుచు వంట చేయును. గ్యాసు ఎవరికొరకు వచ్చినది? ఎవరికి దక్కినది?

మా అభిప్రాయమున క్రమము తారుమారు కావలెను. వేన్నీళ్ళు పెరటిలో, ఆరుబయట, కట్టెపై కాగవలెను. వంట లోపల గ్యాసుపై సాగవలెను. పొగ ఎక్కడను మంచిది కాదు గాని, నాలుగు గోడల నడుమ దాని కీడు మిక్కుటము. పెరటిపొయ్యి ఉంచుకొన్న ఇల్లాలిని అజ్ఞానురాలని నవ్వు చదువరులున్నారు. ఆమె లెక్క వారికంటె సరియైనది.

చిన్నమొత్తమున కొనగలవారికి 5 కిలోల బండలు కూడ ఉన్నవని గ్రామములలో తెలుపువారు తక్కువ. కమిటీ పెద్దలు ఈ యేటి సేవాశిబిరమున ఆ పని విద్యార్థుల కప్పగింతురు గాక. కనెక్షనులు ఎన్ని అని గాక, ఏడాదిలో ఎన్నిమార్లు బండ మార్చిరని అడిగి వ్రాసికొని రావలెను. ఖాళీబండ బరువు దానిపైననే వ్రాసియుండును, దానికి 14.2 కలిపి, బండి వచ్చిననాడు తూకము వేయించి చూచుకొనుటయు ఆ తల్లులకు నేర్పి రావలెను.