తూలితేనే వ్యసనమా?

మద్యానికి బానిస అనగానే దారి పక్కన తూలిపడే మనిషే గుర్తుకు వస్తాడు. వేళకు పనికి వెళ్లి, సంసారం నడుపుకొనే మగవాడిని ఎవరూ అనుమానించరు. వ్యాధి ముదిరే వరకు బయటపడకపోవడానికి ఈ అపోహ కూడా ఒక కారణం.

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, దేశంలో మద్యం తాగే అలవాటు మహిళల్లో 1.6 శాతం కాగా పురుషుల్లో 27.3 శాతం. మద్యపానం సమస్యగా మారినవారు 5.7 కోట్లకు పైనే. బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో సుమారు 43 శాతం మద్యం తాగుతున్నారని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది.

ఎంత తాగుతున్నారన్నది ఒక్కటే కొలమానం కాదు. ఒక గ్లాసుతో ఆపాలనుకొని ఆపలేకపోవడం, అదే మత్తు కోసం మోతాదు పెంచవలసి రావడం, రాత్రి జరిగింది తెల్లవారేసరికి గుర్తు లేకపోవడం, సీసాలు దాచడం, అడిగితే కసురుకోవడం హెచ్చరిక సంకేతాలు. పొద్దున్నే చేతులు వణికి, చెమటలు పట్టి, మళ్లీ తాగితే గాని కుదుటపడకపోవడం శరీరం మద్యానికి లొంగిపోయిందనడానికి స్పష్టమైన గుర్తు.

ఆ దశలో ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదకరం. మూర్ఛలు, మతిభ్రమణం ప్రాణం మీదికి తేగలవు. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. సలహా కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446ను సంప్రదించవచ్చు. పరువు పోతుందని ఇంట్లోవారు సంకేతాలను కప్పిపుచ్చితే, వైద్యం అందవలసిన సమయం చేజారిపోతుంది.