గాలివాన పిదప నీటియొడ్డు తోట

పోయిన నెల పెరటిలోని కూరమడులను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము పెరటిగోడ దాటి, ఊరందరిదియు నగు తోటను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. మన యింటిమొక్క గాలికి ఒరిగినచో మరునాడే పార చేతబట్టుదుము. ఊరితోట కూలినచో "అది మునిసిపాలిటీవారి పని గదా" యని తలుపు వేసికొందుము. ఈ తలుపు వేసికొనుటయందే మనకు నష్టమున్నదని మా తలంపు.

మేముండునది శ్రీరాంపూరు. గోదావరి మాకు చేరువ. బొగ్గుగనుల యూరగుటచే, ఉదయము తుడిచిన వసారాపై సాయంకాలమునకు మరల నల్లదుమ్ము పేరుకొనును. మగవారు వంతులవారీగా గనిపనికి పోవు ఇండ్లలో ఇల్లాలికి తీరిక దొరకు వేళ యొకనాటివలె ఒకనాడుండదు. అట్టి మాకు నీటియొడ్డున నాలుగు చెట్లనీడ యనునది విలాసము గాదు, ఊపిరి. బతుకమ్మను తలపై నెత్తుకొని వచ్చి నీటిలో విడుచుటకును, కార్తికమున దీపము వదలుటకును, వృద్ధులు, గర్భవతులు జారిపడకుండ దిగదగిన మెట్లు కావలెను. కనుక నీటియొడ్డు తోట యెట్లుండవలెనను ప్రశ్న మొదట స్త్రీలకు సంబంధించినది.

2022వ సంవత్సరము జూలై మాసమున మా ప్రాంతపు గోదావరి యెట్లు పొంగెనో చదువరులు మరచియుండరు. కడెము జలాశయమునకు, దాని గేట్లు వదలగలిగిన నీటికంటె ఎంతో యెక్కువగా, ఇంచుమించు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడెను. కట్ట నిలుచునో లేదో యని దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి మెరకలకు బోయిరి. మంచిర్యాలలో నదిచెంత గట్టిన మాతాశిశు ఆసుపత్రిలోనికి నీరు చొచ్చుటచే బాలింతలను, పసికందులను వేరొక చోటికి తరలింపవలసివచ్చెను. నీటి ప్రక్కన ఏది కట్టవచ్చునో, ఏది కట్టరాదో ఆ దినమున నదియే మనకు చెప్పినది. ఇక 2027వ సంవత్సరమున గోదావరి పుష్కరములు రానున్నవి. పుష్కరములనగానే ఘట్టములు, తోటలు, దీపస్తంభములు త్వరత్వరగా వెలయును. త్వరలో చేసినది వరదలో పోవును. కావున ముందుగానే ఆలోచించుట మంచిది.

ఇట్టి యాలోచనకు మన తెలుగుదేశమున పెద్దబడి విశాఖపట్టణము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, ఆదివారమునాడు హుద్‌హుద్ అను తుపాను ఆ నగరముమీదనే తీరము దాటెను. హుద్‌హుద్ అనునది తలపై కిరీటమువంటి కుచ్చుగల యొక చిన్నపిట్ట పేరు. ఓమాను దేశమువారు సూచించినది. పేరు పిట్టదే గాని, గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. సముద్రతీరపు రోడ్డున నున్న వుడా పార్కును, కొండమీది కైలాసగిరి యుద్యానమును, జంతుప్రదర్శనశాలయు, కంబాలకొండ యడవియు ఒక్కదినమున రూపు మాసినవి. పచ్చని కొండలు అగ్గిలో కాలినట్లు గోధుమవన్నెకు తిరిగినవి. రెండు వారములైనను గడువకముందే దీపావళి వచ్చెను. కూలిన చెట్లు వీధివీధిని ఎండి కట్టెలై పడియున్నందున, నిప్పురవ్వ పడిన ఊరంటుకొనునని బాణసంచా కాల్చవలదని అధికారులు కోరిరి. ఆ యేడు విశాఖలోని తల్లులు పిల్లల చేతికి కాకరపువ్వొత్తి నీయక, ప్రమిదలతో పండుగ జరుపుకొనిరి.

అన్ని చెట్లు ఏల కూలినవి? గాలి బలమొక్కటే కారణము కాదు. త్వరగా పెరిగి త్వరగా నీడనిచ్చునని మనము నాటుకొన్న తురాయి, పచ్చతురాయి వంటి పరదేశపు చెట్లకు గొడుగు పెద్దది, కొయ్య పెళుసు. వేరు లోతునకు పోకుండ చుట్టును సిమెంటు పోసితిమి. కాలువ కొరకును, నీటిగొట్టము కొరకును ఒక ప్రక్క వేళ్ళు నరికితిమి. తీగలకు తగులునని వేరొక ప్రక్క కొమ్మలు నరికితిమి. ఒంటికాలిపై నిలిచి తలపై గంప మోయు మనిషివంటిదాయెను చెట్టు. వాన నేలను నానబెట్టగా గాలి త్రోసివేసెను. తాడి మాత్రము తల వంచి మరల నిలువబడెను. దానికి గాలి పట్టు కొమ్మలే లేవు.

ఇపుడు తోటను మరల నిలుపు పద్ధతిని వరుసగా చెప్పెదము. ఇది సముద్రపు టొడ్డునకును, మా గోదావరి గట్టునకును, ఏ చెరువుకట్టకైనను చెల్లును.

మొదటిపని గొడ్డలి పట్టుట గాదు, లెక్క వ్రాయుట. ఏ చెట్టు కూలినది, ఏది ఒరిగినది, ఏది ఆకు రాలి నిలిచియున్నదో నమోదు చేయవలెను. ఆకు లేని చెట్టు చచ్చిన చెట్టు కాదు. విశాఖలో మోడులవలె కనబడిన చెట్లు కొన్ని వారములలోనే చిగిర్చినవి. తొందరపడి నరికిన యెడల ముప్పది యేండ్ల నీడను మూడు గడియలలో పోగొట్టుకొందుము. బెరడును గోటితో కొంచెము గీరి చూడుడు. లోపల పచ్చగా తడి యున్నచో ప్రాణమున్నట్లే. ఒరిగిన లేతచెట్టును వేళ్ళు ఎండకముందే నిలిపి, మన్ను వేసి త్రొక్కి, ఊతకర్ర కట్టినచో బ్రదుకును. వరద వచ్చిన చోట మ్రాని మొదట పేరుకొన్న ఒండ్రును తీసివేయవలెను. లేనియెడల వేళ్ళకు గాలియాడక చెట్టు మెల్లగా చచ్చును.

రెండవపని నీటి దారిని తెలిసికొనుట. తోటకు వచ్చిన కీడు పలుమారు తోటలో పుట్టదు, దూరమున పుట్టును. విశాఖలో రామకృష్ణా బీచి ఏటేట కోతకు గురియగుచున్నది. తీరము వెంబడి దక్షిణమునుండి ఉత్తరమునకు సాగు ఇసుకను హార్బరుకొరకు కట్టిన అడ్డుగోడలు ఆపుచున్నవి. అందుచే ఓడరేవువారు త్రవ్వితీసిన ఇసుకను తెచ్చి బీచిలో పోయవలసివచ్చుచున్నది. కాళ్ళక్రింది యిసుక జారిపోవుచుండగా పైన పూలకుండీలు పేర్చిన ఏమి లాభము?

హైదరాబాదు చరిత్రయు ఇదే చెప్పును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి వేలాది ప్రాణములు బలిగొనెను. ఆనాడు అఫ్జల్‌గంజి యొద్ద ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణలో నేటికిని పూజ్యముగ నున్నది. మరుసటి యేడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరములోని యొడ్డును మాత్రమే చూచి ఊరకొనలేదు. ఎగువకు పోయి చూచిరి. ఎగువన నీటిని నిలుపు జలాశయములు, నగరములో ఎత్తైన గట్టులు, ఆ గట్టులవెంట ఉద్యానములు, ఇట్లు ఆయన సలహా యొకదాని వెంట నొకటి నడచినది. అట్లు వెలసినవే 1920వ సంవత్సరపు ఉస్మాన్‌సాగరు, 1927వ సంవత్సరపు హిమాయత్‌సాగరు. తోట చివర వచ్చినది. నీటి యేర్పాటు మొదట వచ్చినది. ఆ వరుస మనము తప్పరాదు. మా గోదావరి యొడ్డున తోట వేయువారు ముందుగా కడెమునుండి, ఎల్లంపల్లినుండి ఎంత నీరు వదలిన ఎంతవరకు ముంపు వచ్చునో గట్టుపై రాళ్ళు పాతి గుర్తులు పెట్టవలెను.

మూడవపని ఆ గుర్తులనుబట్టి స్థలమును పంచుట. ఏటేట మునుగు చోట మునిగినను చెడనివే యుండవలెను: రాతిమెట్లు, పచ్చిక, ఇసుక. ఎపుడో యొకమారు మునుగు చోట చెట్లు, కూర్చుండు అరుగులు. ఎన్నడును మునుగని మెరకమీదనే మరుగుదొడ్లు, మంచినీటి తొట్టి, పిల్లల ఊయెలలు, విద్యుద్దీపముల పెట్టె. ఇంటిలో ధాన్యపుగాదెను దూలముక్రింద మెరకన పెట్టి, కడుగుతొట్టిని పల్లమున పెట్టుకొను ఇల్లాలికి ఈ సూత్రము క్రొత్తగా నేర్పనక్కరలేదు.

నాలుగవపని మొక్కల నేరుట. సముద్రతీరమున తాడి, పొన్న, కానుగ, గంగరావి, మొగలిపొద వంటివి ఉప్పుగాలికి అలవాటుపడినవి. ఇసుకపై ప్రాకు ఊదాపూల అడవితీగ చూపునకు అల్పమైనను ఇసుకను పట్టియుంచును; దానిని పీకి సిమెంటుబాట వేయుట అవివేకము. ఏటిగట్టునకు ఏరుమద్ది, నేరేడు, మేడి, కానుగ తగినవి. ఇవి వాగులవెంట తమంతట పెరుగునవి. గట్టు వాలునకు వట్టివేళ్ళ గడ్డి మిక్కిలి మేలు. ఎండకాలమున మనము తడికలు కట్టుకొను ఆ వట్టివేళ్ళే మనిషి నిలువునకు మించిన లోతున దిగి మన్నును కుట్టినట్లు పట్టుకొనును. ఎగువ పొడినేలను తంగేడు, గునుగులకు వదలినచో పండుగపూలకు మన పిల్లలు ఊరిబయట ముండ్లపొదలలో తిరుగవలసిన పని తప్పును. ఒకే జాతి చెట్లను బారులు తీర్చుట చూడ ముచ్చటగా నుండును గాని, ఒక గాలికి, ఒక పురుగుకు అన్నియు నొకమారే లొంగును.

ఐదవపని, అన్నిటికంటె కష్టమైనది, పోషణ. మాకు తెలిసిన యొక యూర గాలివానకు తోట పాడైన పిదప ఒక్క ఉదయమున వందలకొలది మొక్కలు నాటిరి. పెద్దలు వచ్చిరి, ఫొటోలు తీయించుకొనిరి, మిఠాయి పంచిరి. మేమును ఒక వేపమొక్క నాటి, నీరు పోసి, సంతోషముతో ఇంటికి వచ్చితిమి. మరుసటి వైశాఖమున ఆ త్రోవను పోవుచు చూడగా గుంటలున్నవి, ఊతకర్రలున్నవి, మొక్కలు లేవు. నీరు పోయువానికి జీత మేర్పాటు చేయుట యెవరికిని తోచలేదు. తప్పు వారిదే యని మేము చెప్పము, ఆనాడు "ఎండకాలమున దీనికి నీరెవరు పోయుదురు?" అని మేమైనను అడుగలేదు. చంటిబిడ్డకు మూడేండ్లు వచ్చువరకు తల్లి కన్ను మరల్పదు. మొక్కకును మూడు ఎండకాలములు అట్టి కాపు కావలెను. నాటుటకు పెట్టినంత సొమ్ము కాపాడుటకును పెట్టని ప్రణాళిక ప్రణాళిక కాదు.

సొమ్మెక్కడిదందురా? విశాఖ ప్రాంతపు పునర్నిర్మాణమునకై 2015వ సంవత్సరమున ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల ఋణము మంజూరు చేసెను. తుపాను ఆశ్రయములు, రోడ్లు, విద్యుత్తీగలను భూమిలో పాతుట మొదలగు పనులతోబాటు సముద్రతీరము, కైలాసగిరి, వుడా పార్కు, జంతుప్రదర్శనశాలల పునరుద్ధరణయు నందులో చేర్చబడెను. ఋణమనగా తీర్చవలసినదే, తీర్చునది ప్రజలే. కనుక తోట యెట్లుండవలెనో అడుగుట మన హక్కు, బిచ్చము కాదు.

సోదరీమణులారా! మీ యూర నీటియొడ్డు తోట పని మొదలగునపుడు ఇరుగుపొరుగు వదినలను, అత్తగార్లను వెంటబెట్టుకొని వార్డుసభకు పొండు. నాలుగే ప్రశ్న లడుగుడు. కడపటి వరద యెంతవరకు వచ్చినది, గుర్తు పెట్టితిరా? ఏ చెట్లు నాటుచున్నారు, ఏల? స్త్రీలకు మరుగు, వెలుతురు, పట్టుకొని దిగుటకు కమ్మియు నున్నవా? మూడు ఎండకాలములు నీరు పోయున దెవరు? ఈ నాలుగింటికి సమాధానము దొరకినచో ఆ తోట నిలుచును. దొరకనిచో, దొరకువరకు మరల మరల అడుగుడు. సభలో మాటాడుటకు బెదరు గలుగునేమో. ఒక్కరుగా పోయిన గలుగును, పదుగురుగా పోయిన గలుగదు.

మేమును ఈ పుష్కరములకు ముందు మా వాడవారితో కలిసి ఆ నాలుగు ప్రశ్నలను తీసికొని పోవ నిశ్చయించుకొంటిమి. తోట మరల పచ్చబడిననాడు దాని నీడ ఎవరు నాటిరని అడుగదు. బతుకమ్మనెత్తుకొని మెట్లు దిగు మన మనుమరాలి పాదము జారకున్న చాలును.